నాగలికి పెంచిన తుమ్మ

నయాపూల్‌లో బస్సెక్కిన ఒక ముసలి రైతు, భుజం మీది నల్లతుమ్మ మొద్దును నా కాలి మీదే ధబ్బున దించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏంది బాపు గిది?"

"నాగలికని గట్టు మీద పెంచుకున్న చెట్టు. పొలం అమ్మిన గని చెట్టు అమ్మలే. ప్లాట్లోళ్లు నరికి గీడ కట్టెల అడితికి పంపిండ్రు. హోటల్ పొయ్యిలకని చీలుస్తుంటే, లొల్లి పెట్టి గీ ఒక్కటి గుంజుకొచ్చిన."

"పొలమే పాయె, ఇంక నాగలెందుకు? పొయ్యిలకే పనికొస్తది," అన్నాను కాలు రుద్దుకుంటూ.

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి.

"పొలం పోయిందని నన్ను గూడ పొయ్యిల పెడ్తవా?"

బస్సంతా మా వైపు తిరిగింది. నేను కాళ్లు ముడుచుకుని మొద్దుకు చోటిచ్చాను.

కట్టెల అడితి ముందు నుంచి పోతుంటే ఇప్పటికీ ఆ కాలు కలుక్కుమంటుంది.