చదవకుండా వదిలేసిన వాక్యం

ఇరవయ్యో ఏట మొదలైన డైరీ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. పాతవన్నీ ఏడాదికొక కట్టగా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఒక్క కట్టను విప్పాలంటే మాత్రం చెయ్యి రాదు.

ఎనభైల మొదట్లో ఫరీదాబాద్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర ఇంజనీరుగా ఉండేవాణ్ణి. ఫ్యాక్టరీలకు బాయిలర్లు బిగించడం, ఆవిరి పైపులు వేయడం మా పని. మా ఆవిడకు కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం కాబట్టి ఢిల్లీ సరోజినీ నగర్‌లో క్వార్టరు ఉండేది. అక్కణ్ణించే రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. అప్పుడప్పుడే ప్రభుత్వం సౌరశక్తి గురించి మాట్లాడుతోంది. వ్యాపారం ఎటు పోతుందో ముందే పసిగట్టే మనిషి మా యజమాని. ఎండతో నీళ్లు కాచే పరికరాలు బిగించే పనిలోకి దిగాడు.

"ఇంజనీర్ సాబ్, ఆవిరినే నడిపించినవాళ్లం, వేడినీళ్లొక లెక్కా? ఈ మొదటి పని సరిగ్గా చేసి చూపించండి, సోలార్ విభాగం మొత్తం మీ చేతికిస్తాను" అన్నాడు.

నాకు నలభై దాటాయి. పదేళ్లుగా ఒకే కుర్చీ. ఆ విభాగం నాకు కావాలనిపించింది.

మొదటి పని అశోకా రోడ్‌లో ఒక సర్కారీ గెస్ట్‌హౌస్ డాబా మీద. పని కోసం విశాఖ నుంచి ఒక ఫిటరును నేనే పిలిపించాను. ఓడల రిపేరులో చెయ్యి తిరిగినవాడు, నాకంటే పెద్దవాడు. చదువు లేదు, హిందీ ఇంకా నోటికి పట్టలేదు. నా మాట నమ్మి భార్యను కూడా తీసుకొచ్చి, ఫరీదాబాద్‌లో ఒక గదిలో కాపురం పెట్టాడు.

మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం పనిముట్లు సర్దాక, ఆ రోజు డైరీ అక్కడే రాసి అతనికి చదివి వినిపించేవాణ్ణి. ఏం చేశాం, ఎవరేమన్నారు, రేపటి పనేమిటి. ఏదైనా తప్పిపోతే గుర్తుచేసేవాడు.

"నేను రెండోసారి టీ అడిగినట్టు రాయలేదండి బాబూ" అని నవ్వేవాడు.

డాబా మీద ఎండకు ఏటవాలుగా పెట్టిన పలకల్లో కాగిన నీళ్లు, వాటి పైకొస నుంచి పైపు గుండా ట్యాంకులోకి వాటంతటవే ఎక్కాలి. పంపు ఉండదు. పలకలకూ ట్యాంకుకూ మధ్య ముప్పై అడుగుల దూరం. ఆ పైపును ట్యాంకు వైపు కొద్దిగా కిందకు వాలేటట్టు గీశాను. ఆవిరి పైపుకు అలాగే వాలు ఇస్తాం, లోపల చేరిన నీరు జారిపోవాలని. పదిహేనేళ్లుగా గీసిన గీత అది. ఆలోచించకుండానే చెయ్యి గీసేసింది.

ఫిటరు వాలు చూసే రసమట్టం పైపు మీద పెట్టి నా వైపు చూశాడు.

"ఇదేటండి బాబూ? వేడి నీళ్లు పైకి కదండీ పోతాయి, కిందకి వంచుతారేటండి?"

"ఓడల్లో నువ్వు ఎన్ని సోలారులు పెట్టావు? గీసినట్టు చెయ్యి."

"సిత్తం. మీరు గీసినట్టే."

ఆ సాయంత్రం నిజాయితీగానే రాశాను: "పైపు వాలు గురించి ఫిటరు అడిగాడు. డ్రాయింగు ప్రకారమే చెయ్యమన్నాను." అతనికి చదివి వినిపించాను కూడా.

మొదటి వారం నీళ్లు బాగానే కాగాయి. కాగే నీటిలోంచి గాలి కొంచెం కొంచెంగా విడుదలై, పైపులో ఎత్తుగా ఉన్నచోట చేరి దారి మూస్తుందని నాకప్పుడు తెలియదు. జనవరి చలిలో గెస్ట్‌హౌస్ శాఖ అధికారి పని చూడటానికి వచ్చి, స్నానాల గదిలో కుళాయి తిప్పాడు. చన్నీళ్లు. చెయ్యి దులుపుకుని, "దీనికంటే మా బొగ్గుల బాయిలరే నయం" అన్నాడు.

డాబా మీదికి పరుగెత్తాను. పైపు పలకల దగ్గర కాలిపోతోంది, ట్యాంకు దగ్గర చల్లగా ఉంది. తప్పు నేను గీసిన వాలులోనే ఉందని ఒక్క క్షణంలో అర్థమైంది. వెనకే యజమాని వచ్చాడు.

"తప్పు డ్రాయింగులోనా, ఫిటింగులోనా? ఫిటింగులో అయితే మనిషిని మారుస్తానని కిందికెళ్లి చెప్పుకుంటాను. డ్రాయింగులో అయితే చెప్పుకోవడానికేం లేదు. ఈ సోలార్ దుకాణం ఇవాళే బంద్."

డ్రాయింగు, ఫిటింగు అన్న మాటలు అక్కడే ఉన్న ఫిటరుకు అర్థమయ్యాయి. నా సంచీ వైపు వేలు చూపించి, "డైరీ, డైరీ" అన్నాడు యజమానితో.

"అచ్ఛా, ఇందులో రాశారా? చదవండి మరి."

ఆ డాబా మీద తెలుగు చదవగలవాణ్ణి నేనొక్కణ్ణే. పేజీ తీశాను. ఆ రోజు చేసిన పని చదివాను, తెప్పించిన సామాను చదివాను, మర్నాటి పని చదివాను. ఒక్కొక్కటీ హిందీలో చెప్పాను. వాలు గురించి రాసిన మాట వదిలేశాను.

ఫిటరు తెలుగులో మెల్లగా అన్నాడు. "ఆ మాట దాటేసారండి బాబూ."

"ఏమంటున్నాడు?" అన్నాడు యజమాని.

"మాఫీ అడుగుతున్నాడు" అన్నాను.

మాఫీ అన్న మాట అతనికి తెలుసు. వంగి పనిముట్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అక్కడికక్కడే అతన్ని పనిలోంచి తీసేశారు.

మర్నాడు పొద్దున్నే మా క్వార్టరుకు వచ్చాడు. రసమట్టం గుమ్మంలో పెట్టి, "ఇది మీదండి" అన్నాడు. మా ఆవిడ కూర్చోమంటే కూర్చోలేదు.

"నిన్నటిది చదవండి బాబూ, వింటాను."

రాసింది రాసినట్టే చదివాను. "ఆ వాక్యం వదిలేసి చదివాను. దాటేశారని ఫిటరు అన్నాడు. మాఫీ అడుగుతున్నాడని యజమానికి చెప్పాను." అలవాటు కొద్దీ అడిగాను, ఏమైనా తప్పిపోయిందా అని.

"లేదండి. అన్నీ ఉన్నాయండి" అని చెప్పులు తొడుక్కున్నాడు.

అతను ఫరీదాబాద్ బస్సు ఎక్కడం కిటికీలోంచి చూశాను. నేను కూడా అదే బస్సు ఎక్కి, డైరీ పట్టుకుని, యజమాని ముందు నిలబడి ఉండొచ్చు. అశోకా రోడ్‌కు పోయాను. ఇంకో ఫిటరుతో వాలు తిరగేయించాను. సాయంత్రానికి నీళ్లు చెయ్యి పెట్టలేనంతగా కాగాయి.

"చూశారా ఇంజనీర్ సాబ్, మనిషి మారితే పని ఎలా మారిందో" అని యజమాని నా భుజం తట్టాడు.

విభాగం నాకే ఇచ్చాడు. రిటైరయ్యేదాకా ఎన్నో డాబాల మీద పలకలు బిగించాం. పైపు ట్యాంకు వైపు పైకి ఎక్కాలని ప్రతి డ్రాయింగులో బాణం గుర్తు వేసేవాణ్ణి. కొత్తవాళ్లు అది నా తెలివి అనుకునేవారు. డైరీ మాత్రం మళ్లీ ఎవరికీ చదివి వినిపించలేదు.

ఫిటరు ఇంటికొచ్చి వెళ్లిన ఆ రోజు పేజీలో రెండే ముక్కలున్నాయి. "వాలు సరిచేశాం. నీళ్లు బాగా కాగాయి."