కుడితి గోలెంలో పూసిన తామర

మా ఇంటి కుడితి గోలెంలో తామర పూసిందని చెబితే ఇప్పటికీ కొందరు నవ్వుతారు. నవ్వనీ. నాకు మాత్రం ఆ మాటెత్తితే ఒళ్ళు మండుతుంది.

రామన్నపేట దగ్గర మా ఊరు. తమ్ముడికి రెండో ఏట జ్వరం వచ్చి కళ్ళు తేలేస్తే, బతికితే శివుడికి తామర పువ్వు పెడతానని అమ్మ మొక్కింది. వాడు బతికాడు. ఆ ఏడు వానల్లేక చెరువు ఎండి తామరలే పోయాయి. ఇక వాడు తుమ్మినా అమ్మకు భయమే. "మొక్కు తీరకపాయె, దేవుడు ఊకుంటడా?" అని వాణ్ణి ఒళ్ళోకి అదుముకునేది. ఆ భయం చూడలేక తామర నేనే పెంచుతానన్నాను. నాకప్పుడు పన్నెండేళ్ళు.

ఎండిన చెరువు మట్టిలో పాత గింజలు దొరికాయి, నల్లగా, రాళ్ళలా. నెల రోజులు నీళ్ళలో వేసినా ఉలకలేదు, పలకలేదు. గొర్రెలు కాసుకునే మా నాయినే దారి చెప్పాడు. "దాని తోలు జర అరగదియ్యి బిడ్డా, నీళ్ళు లోపటికి పోవాలె." గుంట ఉన్న కొసను బండ మీద లోపలి తెలుపు కనబడేదాకా రుద్దాను. గింజలతో పాటు నా వేళ్ళూ అరిగాయి. చెంబులో రోజూ నీళ్ళు మారుస్తుంటే ఐదోనాడు పచ్చటి మొలక తొంగిచూసింది.

బర్రెను అమ్మేశాక దానికి కుడితి పోసే గోలెం వాకిట్లో ఖాళీగా పడి ఉంది. అందులో చెరువు మట్టి పరిచి నాటాను. బలమొస్తుందని పచ్చి గొర్రె పెంటికలు వేస్తే మొక్కలన్నీ కుళ్ళిపోయాయి. నన్ను నేనే తిట్టుకుని మళ్ళీ గింజలు అరగదీశాను. ఆ కరువులో రెండేళ్ళు బావి నుంచి బిందెలతో నీళ్ళు మోశాను.

మూడో ఏడు మొగ్గ లేచింది. అది విచ్చిన పొద్దున అమ్మ తలస్నానం చేసి, తమ్ముణ్ణీ నన్నూ వెంటబెట్టుకుని గుడికి నడిచింది. పళ్ళెంలో పువ్వు చూసి పూజారి మురిసిపోయాడు.

"చెర్ల సుక్క నీళ్ళు లేవు, గీ పువ్వు ఏడిదమ్మా?"

అమ్మకు దాపరికం తెలిస్తే కదా! "మా బిడ్డ పెంచింది అయ్యగారూ, మా కుడితి గోలెంల" అంది గొప్పగా.

ఆయన చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. "బర్రె ఎంగిలి గోలెంల పూసింది దేవునికి పెడ్తరా? తీస్కపోండ్రి."

ఎంగిలట! చెరువులో ఊరి బర్రెలన్నీ పడి దొర్లలేదా? ఆ నీళ్ళే తాగి, అందులోనే పేడ వేయలేదా? ఆ చెరువు తామరలను ఏటేటా ఈయనే రెండు చేతులా అందుకోలేదా? మా గోలెంలో బర్రె మూతి పెట్టి రెండేళ్ళు దాటింది. ఇదంతా నోటిదాకా వచ్చింది. ముఖం మీదే కడిగేయాల్సింది.

అమ్మ మాత్రం బిక్కచచ్చిపోయి తమ్ముడి వంక చూసింది. నా వీపు మీద ఒక్కటి చరిచింది. "లెంపలేసుకోయే! తప్పయిందను! పిలగానికేమన్నయితే?"

వేసుకున్నాను. గుడి మెట్ల మీద, నలుగురూ చూస్తుండగా, చెంపలు మంటెత్తేలా.

తమ్ముడికి ఏమీ కాలేదు. పెరిగాడు, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. "మా పెద్దపిల్ల లెంపలేసుకోబట్టి బతికిండు" అని అమ్మ పోయేదాకా కనబడ్డవాళ్ళందరికీ చెప్పింది. నేను పువ్వు పూయించానని మాత్రం అమ్మ మళ్ళీ ఒక్కరికీ చెప్పలేదు.