ఊయల మీద పుట్టీ

2023 వానకాలం. గోదావరిఖనిలో ఓపెన్‌కాస్ట్ గనికి దగ్గరి కాలనీ. బ్లాస్టింగ్ జరిగితే అక్కడ అల్మారాలో గిన్నెలు చప్పట్లు కొడతాయి, గోడలు పగులుతాయి. ఆ పగుళ్లకు మందు పెట్టే డాక్టర్ని నేనే, తాపీమేస్త్రీని. ఏడో తరగతిలో నన్ను వద్దనుకున్న బడికి తర్వాత ప్లాస్టరింగ్ చేసిందీ నేనే.

రమేశ్ భూగర్భ గనిలో కార్మికుడు. రిటైరైన గని కార్మికుడు కొమురయ్య ఇంట్లో వెనక పోర్షన్‌లో కిరాయికి ఉండేవాడు. కొమురయ్యను అందరం కాక అంటాం, బాబాయి అన్నట్టు. కాక చుట్టాల పెండ్లికి బెల్లంపల్లి పోయిన రోజు రమేశ్ నన్ను పిలిచాడు. పసిపిల్ల ఊయలకు సరిగ్గా పైన స్లాబు ఉబ్బి, పగిలి ఉంది. తాపీ పిడితో కొడితే డొల్లగా పలికింది. లోపల చువ్వలు తుప్పు పట్టాయన్నమాట. వదులైన పెచ్చులు రాలగొట్టి, కింద ప్రాపులు, అంటే స్లాబును మోసే ఇనుప గుంజలు నిలబెట్టాలి.

"కాకకు చెప్పినవా?"

"వద్దే అన్నా. రిపేరని ఖాళీ చెయ్యమంటడు. పచ్చి బాలింతతోని ఎక్కడ తిరుగుడు? పైపైన పుట్టీ పెట్టు."

"పెండ్లిపిల్లకు పౌడర్ కొట్టినట్టు కొడ్త తీయ్. కాక అద్దాలు పెట్టుకొని చూసినా దొరకది."

ఇద్దరం నవ్వుకున్నాం. రమేశ్ భార్య స్వప్న నవ్వలేదు.

"అన్నా, పిల్ల దీని కిందనే పంటది."

"ఏం గాదు చెల్లె," అంటూ పగులు మీద పుట్టీ పూసేశాను.

వారం తిరక్కముందే బ్లాస్టింగ్‌కు ఆ పెచ్చు ఊడి ఊయలలో పడింది. పాల కోసం ఏడిస్తే స్వప్న అప్పుడే పిల్లను ఒళ్లోకి తీసుకుంది. అందుకే పిల్ల మిగిలింది. కబురు తెలిసి నేను ఉరికొచ్చేసరికి కొమురయ్య కాక కర్రతో మిగతా స్లాబును తట్టి చూస్తున్నాడు.

"బొగ్గుబాయిల రూఫ్ గిట్ల పలికితే ఏం జేస్తవ్‌రా?" అని రమేశ్‌ను అడిగాడు.

"అందర్ని కేకేసి బయటికి ఉరుకుత కాక."

"మరి ఇంట్ల నోరెందుకు లేవలే?"

"ఖాళీ చెయ్యమంటవని..."

"పనయ్యేదాంక నా ముందు రూంల ఉండుమందును గదరా!"

తర్వాత నావైపు తిరిగాడు. "వానికి భయమయింది. నీకేమైందిరా?"

నేను వంగి ఊయలలో ముక్కలు ఏరసాగాను. నేను పెట్టిన తెల్ల పుట్టీ వాటికి అట్లనే అంటుకొని ఉంది. ఊయలలో పరిచిన బట్ట దులపబోతే స్వప్న దాన్ని నా చేతిలోంచి మెల్లగా లాక్కుంది.

"ఉండనియ్ అన్నా. నేను దులుపుకుంట."

తిట్టినా బాగుండేది. ఇంకా అన్నా అనే పిలిచింది.

పగులు చిన్నగా ఉన్నప్పుడే ఓనర్‌కు చెప్పండి. కాదంటాడో ఔనంటాడో అడిగితేనే కదా తెలిసేది. ఇప్పుడు కిరాయి ఇంటి పనికి ఎవరు పిలిచినా, ముందు ఓనర్ తలుపు కొట్టిన తర్వాతే తాపీ పట్టుకుంటాను. అది నచ్చక చాలామంది నన్ను మళ్లీ పిలవరు. పిలవకపోతే పోనీ.