శాసనాల శుక్రవారాలు

నల్లగొండ చుట్టుపక్కల గుట్టల మీది శాసనాలను మొట్టమొదట చదివింది నేనే. ఈ మాట చాలా సభల్లో చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు.

నిజానికి చదివింది మా అన్న. సొంత అన్న కాదు. సర్కారు హైస్కూలు గ్రంథాలయాన్ని అప్పట్లో కుతుబ్‌ఖానా అనేవాళ్లం. దానికి ఆయన అధికారి, నేను ఆయన కింద సహాయకుణ్ణి. నిజాం రాజ్యంలో శుక్రవారం సెలవు. కడుపునిండా తిని పడుకుందామనుకుంటే, ఆయన కాగితపు చుట్ట, కుంచె, మసి డబ్బా సంచిలో వేసుకొచ్చి తలుపు కొట్టేవాడు. గుట్ట మీదికి నీళ్లు మోయడం నా వంతు. ఆయన తడి కాగితాన్ని రాతికి అంటించి, కుంచెతో కొట్టి, కాస్త ఆరాక మసి అద్దేవాడు. అక్షరాలు తెల్లగా తేలేవి. నాకు గీతలు కనిపించేవి, ఆయనకు రాజులు. పుస్తకాలకు అట్టలు కట్టడంలో, బీరువాలు సర్దడంలో ఆయనకంటే నేనే మేలు. అయినా అక్కడ నిలబడితే కడుపు మండిపోయేది.

చివరికి వ్యాసం రాసి హైదరాబాదు పత్రికకు పంపాడు. అందులో నా పేరు వేస్తాడా లేదా అన్నదే నా బెంగ. అడగడానికి మొహమాటం. వేస్తున్నాడని ఇంట్లో మాత్రం ముందే చెప్పేశాను.

ఆ పత్రిక మా కుతుబ్‌ఖానాకూ వచ్చేది. ప్రతి సంచికకు మొదటి పేజీలో ఒకటి, లోపల ఒకటి బడి ముద్ర వేయడం నా పని. లోపల ఏ పేజీ అన్నది నా ఇష్టం. వ్యాసం తీశాను. శీర్షిక కింద ఆయన పేరు. ఇక చూడబుద్ధి కాలేదు. ముద్రకు ఊదా సిరా దండిగా పట్టించి ఆ పేరు మీద గుద్దాను. సిరా కింది వరుసల్లోకీ పాకింది.

మరునాడు ఆయన తనకొచ్చిన ప్రతిని నా ముందు పెట్టాడు. ఎప్పుడో చదివేశానని వెనక్కి తోశాను. తర్వాత కుతుబ్‌ఖానా ప్రతి తిరగేసి, "జర పక్కకు గుద్దరాదా తమ్మీ" అన్నాడు. అంతే. శుక్రవారం మళ్లీ తలుపు కొట్టాడు. జ్వరమని చెప్పించాను.

నా కష్టం తిని నా పేరు మింగాడని అప్పటినుంచి ఊరంతా చెప్పుకున్నాను. మొన్న ఆయన మనవరాలి పెండ్లిలోనూ, ఆయన పక్కనే కూచుని, నలుగురి ముందు అదే కథ విప్పాను. ఆయన పాన్ నములుతూ అంతా విన్నాడు.

"నా పేరు కిందనే నీ పేరు పెట్టించిన తమ్మీ. రెండిటి మీద గుద్దింది నువ్వే."