ఎండుచేపల్లో పడిన కంప్యూటరు

మనిషన్నాక పడతారు. కొందరు మెట్ల మీద పడతారు, కొందరు ప్రేమలో పడతారు, మా చిన్నాన్నయితే కూర్చున్న కుర్చీలోంచే పడతాడు. నేను మాత్రం బొయిపరిగుడ సంతలో, కళ్లకు గంతలు కట్టుకుని, ఒక తరగతి నిండా ఉన్న ఉపాధ్యాయులు వెంట నడుస్తుండగా, సమానత్వం కోసం పడ్డాను. ఎక్కడ పడ్డానో, ఎంత వాసనలో పడ్డానో చెబుతాను. ముక్కు మూసుకుని చదవండి.

మాది ఒడిశాలోని రాయగడ. నాన్నది కిరాణా హోల్‌సేలు కొట్టు. చదువు పూర్తయిన కొత్తలో, బడిపంతుళ్లకు కంప్యూటర్ సైన్సు ఎలా బోధించాలో నేర్పే ఉద్యోగం దొరికింది. పట్నం పిల్లలకే కాదు, కొండమీది పల్లెల పిల్లలకూ, ముఖ్యంగా ఆడపిల్లలకూ ఆ చదువు అందాలి. అదీ మా పని. విశాఖలో నాకు కొన్నాళ్లు తర్ఫీదు ఇచ్చారు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు తర్ఫీదు వస్తే పట్టపగలు గంతలు కట్టుకున్నాను. అంతే తేడా.

బొయిపరిగుడలో ఒక బడిలో శిక్షణ. చుట్టుపక్కల పల్లెబడుల టీచర్లంతా వచ్చారు. విద్యాధికారిగారు ముందురోజే తేల్చి చెప్పేశారు: "మధ్యాహ్నం వచ్చి చూస్తాను. వీళ్లు నేర్పగలరనిపిస్తే లాప్‌టాప్‌లు పల్లెబడులకు. లేదంటే అన్నీ ఇక్కడి పెద్ద హైస్కూలుకే." పల్లెల పిల్లల భవిష్యత్తంతా నా భుజాల మీద ఉందన్నమాట. ఆ భుజాలు అప్పట్లో చాలా ఎత్తుగా ఉండేవి. గర్వంతో.

పొద్దున్నే ఒక సంగతి గమనించాను. గదిలో ఉన్న ఒక్క లాప్‌టాప్‌నూ అప్పలస్వామి మాస్టారు ఒళ్లో పెట్టుకున్నారు. గుణుపురం వైపు రైతుకుటుంబం ఆయనది. మనసు వెన్న, నోరు వానాకాలం వాగు. ఎవరిని ప్రశ్న అడిగినా జవాబు ఆయనే చెప్పేవారు. వెనకబెంచీలో సేబతి దీదీ అని ఒకావిడ. ఒడిశాలో పంతులమ్మలను దీదీ అంటారు. కొండమీది చిన్న బడిలో ఒకటో తరగతి చెబుతుంది. ఇంట్లో మాట దేశియా, అక్కడి కొండపల్లెల భాష. పొద్దుటినుంచీ ఆవిడ గొంతు ఎవరూ వినలేదు, హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యే ఎత్తింది.

నాలోని సమానత్వం ఒక్కసారిగా ఉప్పొంగింది.

"ఇప్పుడు ఒక ఆట," అని ప్రకటించాను. "నేను కంప్యూటర్ని. కంప్యూటరుకు కళ్లు లేవు, సొంత తెలివీ లేదు. చెప్పిందే చేస్తుంది. ఈ సుద్దముక్క ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఆజ్ఞ ఇవ్వాలి. తక్కినవాళ్లు నోరు విప్పకూడదు. సేబతి దీదీ, ఇదిగో సుద్దముక్క."

ఆవిడ దాన్ని తేలుపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఆజ్ఞలు మూడే. ముందుకు నడవాలంటే ఫార్వర్డ్. తిరగాలంటే టర్న్. ఆగాలంటే టెర్మినేట్."

పాఠం ఒడియాలో నడుస్తున్నా, అప్పలస్వామి మాస్టారు తెలుగులో అందుకున్నారు. "అదేటమ్మి? ఆగడానికి అంత మాటేటి? ఆపు అంటే సాలదేటి? పోనీ స్టాప్ అను. బస్సు కండక్టరు అన్నా బండి ఆగుద్ది."

"అది బస్సు భాష మాస్టారూ. ఇది కంప్యూటర్ భాష. పైగా సుద్దముక్క మీ దగ్గర లేదు. ఏం జరిగినా మీరు మాట్లాడకూడదు."

"ఏటి జరిగినా?"

"ఏం జరిగినా!"

పాఠకులారా, నా చేతులతో నేనే నా గోతికి కొబ్బరికాయ కొట్టింది ఇక్కడే.

చున్నీతో కళ్లకు గంతలు కట్టుకున్నాను. వెనకనుంచి వినీవినపడకుండా వచ్చింది ఆజ్ఞ: "ఫార్వర్డ్." నడిచాను. గది దాటాను, వరండా దాటాను. కాళ్ల కింద ఇసక తగిలింది. ఆహా, ఎంత చక్కగా సాగుతోంది పాఠం అనుకున్నాను. ఎండ మొహానికి కొట్టింది. ఇక ఆపుతుందిలే అనుకున్నాను.

"ట..." అంది సేబతి దీదీ.

"ఊఁ?" అన్నాను ప్రోత్సాహంగా.

"ట... టర్... టర్..." టెర్మినేట్‌లో ఆ తర్వాత ఏముందో ఆవిడకు గుర్తు రావడం లేదు. కంగారులో నోటికొచ్చింది అనేసింది: "టర్న్!"

తిరిగాను. సరిగ్గా గేటువైపు తిరిగాను. ఆ రోజు సంత. గేటు అవతల సంతే. ఆగమనలేదు కాబట్టి నడుస్తూనే ఉన్నాను.

మొదట కోళ్ల అరుపు వినపడింది. తర్వాత చింతపండు వాసన. ఎవరో "చూసుకో, చూసుకో" అని ఒడియాలో అరిచారు. చూసుకోవడానికి కళ్లేవి, నేను కంప్యూటర్ని. నా పక్కన ఎవరో పరిగెడుతున్న చెప్పుల చప్పుడు, "ఊఁ ఊఁ ఊఁ" అని మూలుగు. తర్వాత తెలిసింది, అది అప్పలస్వామి మాస్టారట. రెండు చేతులూ గాలిలో ఊపుతూ, పెదవులు బిగించి, గంతలు కట్టుకున్న మనిషికి సైగలు చేస్తున్నారట! జన్మలో మొదటిసారి నోరు మూసుకోమంటే మూసుకున్నారు. అదీ ఆ రోజే.

అప్పుడు వినపడింది ఒక గొంతు. సంతంతా ఉలిక్కిపడే గొంతు.

"రొహొ!"

దేశియాలో అంటే ఆగు అని. రాయగడ బజార్లో పుట్టి పెరిగిన నాకు ఆ మాట తెలియకపోవడమేమిటి? మా కొట్టు ముందు రోజూ వినేదే. కూరగాయల గంపవాళ్లు ఆగారు. రిక్షా ఆగింది. ఒక మేకపోతు కూడా ఆగి చూసిందట. ఆగనిది నేనొక్కదాన్నే. నా బుర్రలో లెక్క వేరు: 'ఈ మాట మూడు ఆజ్ఞల్లో లేదు కదా.' ఇంకో అడుగు వేశాను.

ఎండుచేపల గుట్ట మీద వేశాను.

మా ఇంట్లో ఉల్లిపాయ తరిగితేనే నానమ్మ వీధివైపు మంచం వేసుకుంటుంది. అలాంటి వంశంలో పుట్టి, మొహం మొత్తం ఎండుచేపల్లో పెట్టిన మొదటిదాన్ని నేను. పడుతూ "ఓలమ్మో!" అని అరిచాను.

"అదిగో!" అన్నారు అప్పలస్వామి మాస్టారు, ఇక ఆగలేక. "కంప్యూటర్‌కి తెలుగొచ్చీసింది!"

చేపలమ్మే ఆవిడ తిట్లు మొదలెట్టింది. సేబతి దీదీ నా రెక్క పట్టుకుని లేపి, గంతలు విప్పి, భయమూ కోపమూ కలిసిన గొంతుతో అంది: "రొహొ అంటే మా ఎద్దు ఆగుతుంది మేడం. ఇదేం కంప్యూటరు?"

జవాబు చెప్పేలోపు దుమ్ము రేపుకుంటూ జీపు వచ్చి ఆగింది. దిగింది విద్యాధికారిగారు. నా జడలో ఒక చేప ఇరుక్కుని ఉంది. ఆయన చూపు దాని మీదే నిలిచింది.

"ఇదేనా శిక్షణ?"

అయిపోయింది, లాప్‌టాప్‌లు పల్లెలకు పోవు, నేను ఇంటికి పోతాను అనుకున్నాను. అంతలో నా పక్కనుంచి సేబతి దీదీ గొంతే మళ్లీ వినిపించింది. ఈసారి నెమ్మదిగా, స్పష్టంగా.

"అవును సార్. పిల్లలకు తెలియని మాటలతో పాఠం చెబితే ఏమవుతుందో మేడం చేసి చూపించారు."

ఆయన నన్ను చూశారు. చేపలను చూశారు. నేను ఎంతో కష్టపడి చేసి చూపించినట్టు మొహం పెట్టాను.

"మరి తెలిసిన మాటలతో చెబితే?"

"రండి సార్. చూపిస్తాం."

చూపించింది. బడిపిల్లలను పిలిచి, ఎవరింటి మాట వాళ్ల చేత పలికించింది. ఆపడానికి ఒక పిల్ల కొండభాష కువిలో అరిచింది, ఒకడు ఒడియాలో, ఒకడు దేశియాలో. కంప్యూటరు వేషం ఈసారి అప్పలస్వామి మాస్టారిది. ఏ మాటకు ఏం చెయ్యాలో ముందే పిల్లలు ఆయనకు నేర్పారు. "మన మాట కంప్యూటరుకు మనమే నేర్పొచ్చు" అంది సేబతి దీదీ. విశాఖలో నాకు ఎన్నో బొమ్మలు చూపించి చెప్పిన సంగతి ఇదే. మాస్టారు ప్రతి మాటకూ ఠక్కున ఆగుతుంటే పిల్లలు కేరింతలు. విద్యాధికారిగారు తానూ ఒక ఆజ్ఞ ఇస్తానని ముచ్చటపడ్డారు. ఒక చిన్నది ఆయన్ను "సుద్దముక్క మీ దగ్గర లేదు సార్" అని ఆపేసింది.

ఆయన నవ్వేశారు. లాప్‌టాప్‌లు పల్లెబడులకే వెళ్లాయి. ఇప్పుడు సేబతి దీదీ మిగతా టీచర్లకు తానే శిక్షణ ఇస్తోంది. ఆవిడ బడిలో ఆడపిల్లలు లాప్‌టాప్ దగ్గర వంతు కోసం గొడవపడుతున్నారు. ఆ గొడవ వింటే నాకు కచేరీ విన్నట్టుంటుంది.

కనుక, ఇందుమూలంగా యావన్మంది పాఠకులకు తెలియజేయడమేమనగా: ఇకమీదట నేను సంత రోజున కళ్లకు గంతలు కట్టుకోను. అర్థమైన మాటను అర్థం కానట్టు నటించను. టెర్మినేట్ అనే మాటను ఈ జన్మలో మళ్లీ ఉచ్చరించను. నన్ను ఉద్యోగంలోంచి తీసేసే రోజు వచ్చినా సరే, ఆ మాట పైవాళ్లే పలకాలి. అదీ దేశియాలో చెబితేనే ఆగుతాను.