దొర కాళ్లు

మెట్‌పల్లి వాళ్ల లెక్కలో ముత్యం పోయింది దుబాయికే. నిజానికి పోయింది బహ్రెయిన్‌కు, అదీ గుర్రం కాళ్లు కడగడానికి. "ఎడ్లు తోలినోనివి గదా, గుర్రమెంత?" అని ఏజెంటు విమానమెక్కించాడు. అది తొంభై నాలుగో సంవత్సరం.

బుదైయా దారిలో కఫీల్‌ది, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమానిది, ఖర్జూరపు తోట. ఆ తోట వెనక కొట్టంలో ఇంగ్లండు నుంచి దిగిన బండిగుర్రం. ఏనుగు గున్నంత ఉండేది. మోకాళ్ల కింది నుంచి గిట్టలు కనబడనంతగా తెల్లటి బొచ్చు. దాని అసలు పేరు ముత్యానికి నోరు తిరగలేదు. తెల్లోళ్ల దేశం నుంచి వచ్చింది కదా అని "దొర" అన్నాడు. ఊళ్లో అసలు దొరకే సరిగ్గా వంగని మనిషి, ఈ దొర కాళ్ల దగ్గర రోజంతా కూర్చునేవాడు.

అతని ఊళ్లో ఎండాకాలం ఎడ్లకు స్నానమంటే గగనమే. ఇక్కడ పైపు తిప్పితే ధార. ఇంకేం, రోజుకు మూడుసార్లు కాళ్లు కడిగేవాడు. రంపపు పొట్టు రుద్ది, తెల్ల పౌడరు పట్టించి దువ్వేవాడు. కఫీల్ వచ్చి భుజం తట్టిపోయేవాడు. ముత్యం ఉబ్బితబ్బిబ్బయ్యేవాడు.

డిసెంబరులో గుర్రాల ప్రదర్శన. పది రోజులుందనగా దొర వెనక కాలు నేలకేసి కొట్టడం మొదలుపెట్టింది. ముత్యం బొచ్చు పాయలు విడదీసి చూస్తే పెచ్చులు, చీము, కుళ్లు వాసన. పరుగున పోయి కఫీల్ డ్రైవరు అబూబకర్‌ను పిలుచుకొచ్చాడు. అబూబకర్‌ది హైదరాబాదులో మూడు తరాలుగా టాంగాలు నడిపిన ఇల్లు.

"ఎన్నిసార్లు కడుగుతున్నవ్, ముత్యం భాయ్?"

"మూడుసార్లు."

"ఆరబెడ్తున్నవా?"

"గాలికి అదే ఆరుతది గదా."

"పైన ఆరుతది, లోపల ఆరది. గంత బొచ్చుల నీళ్లు నిలిస్తే తోలు కుళ్లదా? పురుగు గూడ పట్టింది. బొచ్చంత తీసేసి మందు పెట్టాలె."

ముత్యానికి అప్పుడు తెలిసింది. ముద్దు చేస్తున్నాననుకుంటూ ఇన్నాళ్లూ దాన్ని కుళ్లబెట్టింది తనేనన్నమాట.

అబూబకర్ కఫీల్‌కు అరబ్బీలో చెప్పి చూశాడు. బొచ్చు లేకపోతే ఆ గుర్రాన్ని ఎవరు చూస్తారన్నాడు కఫీల్. ఒక్క వెంట్రుక తెగినా ముత్యం పని ఖలాస్ అన్నాడు. వచ్చి ఎనిమిది నెలలే, ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరలేదు. ముత్యం కత్తెర ముట్టలేదు. పుండ్ల మీదే పొట్టు రుద్దాడు, పౌడరు కొట్టాడు. పనిమంతుడు కదా, ఒక్క మచ్చా బయటపడనివ్వలేదు.

ప్రదర్శన నాడు బ్యాండు మోగుతుంటే దొర మైదానంలో నాలుగు కాళ్లూ మార్చి మార్చి కొట్టింది. దురదకు తాళలేక కొట్టింది. జనం మాత్రం గుర్రం ఆడుతోందని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముత్యానికి ఆ చప్పట్లు చెంపదెబ్బల్లా తగిలాయి. మొదటి బహుమతి దానికే. కఫీల్ అందరి ముందూ ముత్యాన్ని కౌగిలించుకుని ఏదో అన్నాడు.

"వచ్చే యేడు గూడ ఇట్లనే ఆడియ్యమంటున్నడు," అబూబకర్ తలెత్తకుండా చెప్పాడు.

తెల్లారి ముత్యం కత్తెర పట్టాడు. నాలుగు కాళ్లూ అయ్యేసరికి పొద్దెక్కింది. పచ్చి మాంసంలా ఎర్రగా బయటపడ్డ ఆ కాళ్లను చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు. దొర మాత్రం అతని భుజం మీద గడ్డం ఆనించి, కాలు కదపకుండా నిలబడింది.

కఫీల్ వచ్చి చూశాడు. ఆ సాయంత్రానికి ముత్యం సిత్రాలో కూలీల క్యాంపులో ఉన్నాడు, చమురు ట్యాంకులకు తుప్పు గీకే పనిలో. ఒక శుక్రవారం అబూబకర్ వెతుక్కుంటూ వచ్చాడు.

"పుండ్లు మానినయ్. బొచ్చు మళ్ల వస్తున్నది. కొత్తోడు వచ్చిండు."

"కడిగినంక ఆరబెట్టమని చెప్పినవా?"

"చెప్పిన. నీ లెక్కనే ఉన్నడు వాడు. మస్తు ప్రేమగ కడుగుతున్నడు."

తొంభై ఎనిమిదిలో ముత్యం ఇల్లు చేరాడు. ఆ వేసవి మెట్‌పల్లిలో ఒక పెళ్లి బరాత్. ముఖమల్ కప్పి, కాళ్లకు గజ్జెలు కట్టిన తెల్లగుర్రం బ్యాండుకు కాళ్లు కొడుతోంది. జనం ఈలలేస్తున్నారు. ముత్యం జనాన్ని తోసుకుంటూ పోయి గుర్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఎవడ్రా వీడు, తాగినట్టున్నడు!" అని పైనుంచి పెళ్లికొడుకు అరుస్తున్నాడు. ముత్యం గజ్జెల పట్టీ విప్పి, కింద తోలు చూస్తున్నాడు.