కింది రేవు నుంచి తెచ్చిన నీలం బకెట్

పోయినేడాది ఒక రిజర్వాయరులో జరిగిన పోటీలో నన్ను సగం దూరంలోనే పడవలోకి లాగారు. ఈత రాక కాదు. స్విమ్మింగ్ పూల్‌లో అడుగున పలకలు కనిపిస్తుంటే హాయిగా ఈదేదాన్ని, రిజర్వాయరులో కింద ఏమీ కనిపించకపోయేసరికి కాళ్లూ చేతులూ ఆడలేదు. తువ్వాలు కప్పుకుని పడవలో కూర్చుని మిగతావాళ్లు ఈదుకుంటూ పోతుంటే చూడటం ఎంత అవమానంగా ఉంటుందో చెప్పలేను. నేను నలభై దాటాక ఈత నేర్చుకున్న లెక్కల టీచర్ని. మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ, ఇప్పటికీ "టీచర్, మళ్లీ పడవ ఎప్పుడెక్కుతారు?" అని అడుగుతుంటారు. అందుకే కడియం దగ్గర కాలువలో నాలుగు వందల మీటర్ల ఈత, ఆ వెంటనే ఇరవై కిలోమీటర్ల సైకిల్ పందెం ఉందని తెలియగానే పేరు ఇచ్చేశాను. గెలవాలని కాదు. ఈసారి పడవ ఎక్కకూడదు, అంతే.

విశాఖలో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు రాజమండ్రిలో దిగొచ్చు. సైకిల్ చక్రాలు విప్పి పెద్ద సంచిలో కట్టుకుంటే బోగీలో తలుపు పక్కన పడుతుంది, టీసీలు పెద్దగా పట్టించుకోరు. స్టేషన్ బయట నుంచి కడియం దాకా ఆటోకి మూడు వందలు అడిగారు. డ్రైవరు నా సంచిని పైకీ కిందకీ చూసి, "ఇదేంటండి, మడత మంచమా?" అన్నాడు. సైకిలన్నాను. "ఆయ్, సైకిలుంటే తొక్కుకుంటూ ఎల్లిపోవచ్చు కదండీ, మళ్లీ ఆటో ఎందుకండి?" అన్నాడు. దారంతా అదే తలుచుకుని నవ్వాడు. కడియం దగ్గర పడేసరికి రోడ్డుకు రెండు వైపులా నర్సరీలే. మొక్కల కుండీలు ఎక్కిస్తున్న లారీలు, నీళ్లు పెట్టి పెట్టి తడిసిపోయిన రోడ్డు అంచులు. రేపు సన్నటి టైర్లతో ఈ తడి మీద మలుపు తిరగాలి కదా అని అప్పుడే గుర్తుపెట్టుకున్నాను.

సాయంత్రం ఈత ముగిసే రేవు చూద్దామని కాలువ గట్టు వెంట నడిచాను. కాలువ నిండుగా పారుతోంది. రేవు మెట్ల మీద నలుగురైదుగురు ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు. వాళ్లలో వెంకటలక్ష్మి అనే ఆవిడతో మాట కలిసింది. మాట్లాడుతుండగానే ఆవిడ నీలం బకెట్ మెట్టు మీద నుంచి జారి నీళ్లలో పడి చక్కగా తేలుకుంటూ వెళ్లిపోయింది. నేను "అయ్యో, బకెట్!" అంటూ గట్టు మీద పరుగు తీశాను. ఆవిడ తల కూడా ఎత్తలేదు.

"ఎక్కడికి పోద్దండి అది? కింది రేవులో తీసి పక్కన పెడతారు," అంది చీర జాడిస్తూ.

"మీదేనని వాళ్లకెలా తెలుస్తుంది?"

"ఎవరిదైతే ఏంటండి, పై రేవుదేగా. ఇటు పైకి ఎవరొస్తుంటే వాళ్ల చేతిలో పెట్టి పంపుతారు. మాకు పైనుంచి వచ్చినవీ మేమూ అంతే."

చెంబులు, సబ్బుపెట్టెలు, ఒకసారి ఏకంగా ఒక స్టూలు కూడా అలా వచ్చిందట. కాలువ పొడవునా ప్రతి రేవుకీ ఇదే పద్ధతి. నాకు ఇది ఎంత నచ్చిందంటే, నిర్వాహకులు నియమాలు చెబుతున్నప్పుడు కూడా ఆ స్టూలు గురించే ఆలోచిస్తున్నాను. అయినా ముఖ్యమైనవి చెవిన పడ్డాయి. పడవ ఎక్కితే పోటీ అయిపోయినట్టే. వేరే చోట గట్టెక్కితే మాత్రం ఈ రేవుకు నడిచి వచ్చి ఇక్కడున్న సైకిల్ అందుకోవచ్చు. మొత్తం గంటన్నరలో ముగించాలి. వంతెన దాటగానే ఎర్ర జెండా ఉంటుంది, అక్కడి నుంచే ఒడ్డు వైపు తిరగాలి.

పొద్దున్న ఆరున్నరకు నీళ్లలోకి దిగాం. చలికి పళ్లు కొట్టుకున్నాయి. తల ముంచితే బురద రంగు తప్ప ఏమీ లేదు, రిజర్వాయరే గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని పది బారలు వేశాను. ఏమీ కాలేదు. ప్రవాహం వెనక నుంచి మెల్లగా నెడుతోంది. ఇంకో పది బారలయ్యాక భయం ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. అంత సంతోషంలో తల పైకెత్తి కొబ్బరిచెట్లనూ, నీళ్లలో మునిగి నన్నే చూస్తున్న గేదెనూ, వంతెన మీద ఆగిన పాలబండినీ చూసుకుంటూ ఈదాను. జెండా ఎప్పుడు దాటానో చూడనే లేదు. రేవు కనిపించాక ఒడ్డుకు తిరిగాను. ప్రవాహం నన్ను నెట్టుకుపోతుంటే మెట్లు నా పక్క నుంచే వెనక్కి వెళ్లిపోయాయి. వెంకటలక్ష్మి గారు మెట్ల మీద నిలబడి ఏదో అరిచింది, వినిపించలేదు.

పడవ దగ్గరికి వచ్చింది. "ఎక్కండి మేడం, దాటిపోయారు," అని అందులో ఉన్నాయన చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టుకోవాలని ఎంత అనిపించిందో! "కింది రేవు ఎంత దూరం?" అని అడిగాను. "ఆ మలుపు తిరిగితే వచ్చేద్దండి. ఈదగలరా?" అన్నాడు. ఈదుతానన్నాను. ఆయన పక్కనే పడవ నడుపుతూ వచ్చాడు. ఈసారి ముందునుంచే ఒడ్డుకు ఒరిగి ఈదాను. కింది రేవులో గిన్నెలు తోముతున్న ఇద్దరు నా చేతులు పట్టి మెట్ల మీదికి లాగారు. అందులో పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇదిగో, పై రేవు సామాను ఇంకోటొచ్చింది!" అంది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయాసంలోనూ నాకూ నవ్వాగలేదు.

గట్టెక్కి పరుగు అందుకోబోతుంటే వెనక నుంచి పిలుపు. "ఏవండోయ్, పైకేగా ఎల్లేది? ఈ బకెట్టు కూడా ఇచ్చెయ్యండి!"

పోటీలో ఉన్నానని చెబుదామనుకున్నాను. కానీ బకెట్ అప్పటికే నా చేతిలో ఉంది. తడి బట్టలతో, వట్టి కాళ్లతో, చేతిలో నీలం బకెట్‌తో అర కిలోమీటరుకు పైగా గట్టు మీద పరుగెత్తాను. పై రేవు దగ్గరికి చేరేసరికి ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నా కోసమే అనుకున్నాను. "లక్ష్మీ, నీ బకెట్టొచ్చింది!" అని అరిచారు. వెంకటలక్ష్మి గారు బకెట్ అందుకుని, "మీ సైకిలొక్కటే మిగిలిందండి, బేగా ఎల్లండి!" అని తరిమింది.

మండపేట వైపు పది కిలోమీటర్లు వెళ్లి వెనక్కి తిరిగాను. నర్సరీల దగ్గర తడి మలుపులో నెమ్మదించాను, రైసు మిల్లుల ట్రాక్టర్ల నుంచి ఎగిరే ఊక కళ్లలో పడకుండా ఈత కళ్లద్దాలే మళ్లీ పెట్టుకున్నాను. చివర్లో కాళ్లు పట్టేశాయి, ఏడుపొచ్చింది, అయినా తొక్కాను. గంటన్నరకు ఇంకా రెండు నిమిషాలుండగా గీత దాటాను. ఆఖరిదాన్నే. కానీ ఆ రోజు అందరికంటే ఎక్కువ దూరం ఈదింది మాత్రం నేనే. మా అమ్మాయి ఫోన్ చేసి "అమ్మా, పడవ ఎక్కావా?" అని అడిగింది. "లేదే, బకెట్ తెచ్చాను," అన్నాను. ఏం అర్థమైందో ఏమో.

నీళ్లలో కొట్టుకుపోతే ఇక అంతే అని ఇన్నాళ్లూ భయపడ్డాను. ఇక్కడివాళ్లకు కొట్టుకుపోవడమంటే కింది రేవుకు చేరడమే. రిజర్వాయరులో నాకు కనిపించనిది నీటి అడుగు కాదేమో, ఒడ్డున మనుషులేమో అని తిరుగు రైల్లో చాలాసేపు అనుకున్నాను.

మీరూ వెళ్లేట్టయితే ఒక్క మాట. వంతెన దాటగానే ఒడ్డు వైపు తిరగండి, రేవు కనిపించాక తిరుగుదామని ఆగకండి. ఒకవేళ దాటిపోయినా కంగారు పడకండి, కింద ఇంకో రేవు ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం పైవాళ్ల సామాను ఏమైనా ఉందేమో అడిగి పట్టుకురండి.